ఎక్స్10: డ్రయ్యర్ తిరుగుతుంటేనే గరాజ్ లైటు మాట వింటోంది

#1 ప్లేనో_పంతులు

ఎక్స్10 అంటే కరెంటు తీగల మీదుగానే లైట్లకు ఆజ్ఞలు పంపే పద్ధతి. ఇల్లు డల్లాస్ పక్కన ప్లేనోలో. 200 ఆంపియర్ల ప్యానెల్, 2,800 చదరపు అడుగులు, మేడ మీద నాలుగు గదులు. పైన ఆఫీసు గదిలో సీఎం11ఏ (కంప్యూటర్ చెప్పిన ఆజ్ఞలను లైనులోకి పంపే పెట్టె), దానికి తగిలించిన చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై, అందులో దాన్ని నడిపే హేయు ప్రోగ్రాము. కింద హాల్లో టీఎం751 (రిమోట్ రేడియో మాట విని లైనులోకి పంపే పెట్టె), చేతి రిమోట్లు రెండు. ఆజ్ఞ విని లైటును నడిపే మాడ్యూళ్లు 11, అన్నీ హౌస్ కోడ్ (ఇంటి గుర్తు అక్షరం) ఏ మీదే, ఒక్కోదానికి ఒక్కో అంకె.

రోగాలు ఇవీ:

గరాజ్ లైటు (ఏ5, అప్లయన్స్ మాడ్యూల్) డ్రయ్యర్ నడుస్తుంటే నొక్కిన ప్రతిసారీ వెలుగుతుంది. డ్రయ్యర్ ఆగితే పదికి రెండు.

ఆఫీసు గదిలోనే ఉన్న టేబుల్ లాంప్ (ఏ2) నిన్నమొన్నటి దాకా బాగానే ఉంది. కొత్త యూపీఎస్, రెండు మానిటర్లు పెట్టాక పదికి నాలుగు. యూపీఎస్ ఆఫ్ చేసి చూశాను, తేడా లేదు.

హాల్లో లాంప్ మాడ్యూల్‌కి ఎల్ఈడీ బల్బు వేశాను. ఆఫ్ చేసినా మినుకుమినుకుమంటోంది.

వరండా లైటు అర్ధరాత్రి దాటాక దానంతటదే వెలుగుతోంది.

రిపీటర్ (సిగ్నల్ విని బలంగా మళ్లీ పలికే పెట్టె) ఒకటి కొనేస్తే అన్నీ ఒకేసారి తీరతాయా? పాత సరుకే అయినా ధర తక్కువేం లేదు, అందుకే ముందే అడుగుతున్నాను.

#2 జిగ్బీదాసు

1975 నాటి సరుకు సార్ అది. స్కాట్లండ్‌లో పుట్టింది, అక్కడికే పంపించేయండి. రేడియోతో నడిచే జిగ్బీ ప్లగ్గులు పదకొండు కొనుక్కుంటే ఈ గొడవ ఉండదు.

#3 కిలోహెర్ట్జ్

దాసు గారి మాట పక్కన పెడదాం, ఆయన ప్రతి చర్చలోనూ అదే రాస్తారు.

పంతులు గారూ, ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు జబ్బులు. రిపీటర్ వాటిలో ఒక్కదానికే మందు, దానికీ అంతకంటే చవక మందు ఉంది.

ముందు సిగ్నల్ సంగతి. కరెంటు 60 హెర్ట్జ్ తరంగం సున్నాను దాటే క్షణంలో 120 కిలోహెర్ట్జ్ పలుకు ఒక్క మిల్లీసెకను పాటు వెళుతుంది. పలుకు ఉండి, తర్వాతి అర్ధచక్రంలో లేకపోతే 1. లేకుండా ఉండి, తర్వాత వస్తే 0. అంటే ఒక పూర్తి చక్రానికి ఒక్క బిట్టు, సెకనుకు 60 బిట్లు. అడ్రసు రెండుసార్లు, ఆజ్ఞ రెండుసార్లు, మధ్యలో 3 చక్రాల విరామం, మొత్తం 47 చక్రాలు. ఒక్క "ఏ5 ఆన్" చేరడానికి ముప్పావు సెకను పైనే పడుతుంది. ఆ ముప్పావు సెకనులో ఎక్కడ చెడినా ఆజ్ఞ పోయినట్టే. చేరిందని మాడ్యూల్ తిరిగి చెప్పదు కూడా.

పంపే పెట్టె నాలుగైదు వోల్టులతో వదులుతుంది. అందుకునే చోట 0.1 వోల్టు మిగిలితే మాడ్యూల్‌కు చాలు. దారిలో యాభై వంతుల్లో నలభై తొమ్మిది పోయినా పని జరగాలి. అయినా జరగడం లేదంటే మూడు దారులే: సిగ్నల్‌ను ఎవరో తాగేస్తున్నారు, లేదా అది రెండో లెగ్గుకు (ఇంటికొచ్చే రెండు 120 వోల్టుల లైన్లలో రెండోదానికి) దాటడం లేదు, లేదా సిగ్నల్ బాగానే వచ్చినా రొద దాన్ని కప్పేస్తోంది. మూడింటికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే కాబట్టే జనం చేతికందిన పెట్టె కొని మోసపోతారు.

సిగ్నల్ కొలిచే మీటర్ ఉంటే మంచిదే. లేకపోయినా ఒక మినీ కంట్రోలర్ (ఆజ్ఞలు పంపే చిన్న బటన్ల పెట్టె), ఒక అప్లయన్స్ మాడ్యూల్ చాలు. లాంప్ మాడ్యూల్ వద్దు, అప్లయన్స్ మాడ్యూల్‌లో రిలే ఉంటుంది కాబట్టి టక్కుమని వినిపిస్తుంది. దాన్ని ఏ16 మీద పెట్టి ఒక్కో ఔట్‌లెట్‌కు తీసుకెళ్లండి. ప్రతిచోటా పదిసార్లు ఆన్, పదిసార్లు ఆఫ్. రెండు లెక్కలూ విడివిడిగా రాసుకోండి, కలపకండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

#4 రాగితీగ

డ్రయ్యర్ ముడి నేను విప్పుతాను.

అమెరికా ఇంటికి వచ్చే కరెంటు 240 వోల్టులు, మధ్యలో న్యూట్రల్ తీసి రెండు 120 లెగ్గులు చేస్తారు. మీ సీఎం11ఏ ఒక లెగ్గు మీద, గరాజ్ రెండో లెగ్గు మీద ఉన్నాయి. సిగ్నల్ అటు వెళ్లాలంటే మీటర్ దాటి, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి, దాని చుట్టలోంచి తిరిగి రావాలి. ఆ ప్రయాణంలోనే చాలా వరకు చచ్చిపోతుంది.

డ్రయ్యర్ హీటరు మాత్రం రెండు లెగ్గుల మధ్య నేరుగా కూర్చుంటుంది. 5,000 వాట్ల హీటరంటే సుమారు 11.5 ఓములు. ఇంట్లోనే వంతెన వేసినట్టు. ఇంకో పరీక్ష చేయండి: డ్రయ్యర్ చివర్లో చల్లార్చే నిమిషాల్లో డ్రమ్ము తిరుగుతుంది గాని హీటరు ఆగిపోతుంది. అప్పుడు గరాజ్ లైటు మళ్లీ మొండికేస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కరెంటు ఓవెన్‌తోనూ ఇదే జరుగుతుంది. గ్యాస్ డ్రయ్యర్‌తో జరగదు.

ఏ బ్రేకర్ ఏ లెగ్గుదో ప్యానెల్ మూత తీయకుండానే తెలుస్తుంది. సాధారణ ప్యానెల్‌లో ఎడమ బేసి సంఖ్యలు, కుడి సరి సంఖ్యలు. 1, 2 ఒక లెగ్గు. 3, 4 రెండోది. 5, 6 మళ్లీ మొదటిది. అడ్డంగా ఒకటే లెగ్గు, నిలువుగా మారుతూ పోతుంది. ఒకే గడిలో ఇరికించిన రెండు సన్నపు బ్రేకర్లు ఉంటే రెండూ ఒకే లెగ్గు, అక్కడ పొరబడకండి.

#5 ప్లేనో_పంతులు

ఆఫీసు 7, గరాజ్ 10. అంటే వేరువేరు లెగ్గులే. డ్రయ్యర్ చల్లారేటప్పుడు చూశాను, రాగితీగ గారు అన్నట్టే గరాజ్ మొండికేసింది.

కాని ఆఫీసు లాంప్ అదే గదిలో, అదే బ్రేకర్ మీద కదా? యూపీఎస్ ఆఫ్ చేసినా ఎందుకు మారలేదు?

#6 కిలోహెర్ట్జ్

ఆఫ్ చేస్తే చాలదు, గోడలోంచి పీకాలి. ఈ చర్చలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

యూపీఎస్, టీవీ, కంప్యూటర్ సప్లై, మంచి రకం పవర్ స్ట్రిప్ — వీటి గుమ్మంలోనే హాట్‌కు న్యూట్రల్‌కు మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. లోపలి రొద బయటికి రాకుండా పెట్టింది అది. బటన్‌తో ఆపినా అది లైనుకు అంటుకునే ఉంటుంది. 60 హెర్ట్జ్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 26,500 ఓములు, ఉన్నట్టే తెలియదు. 120 కిలోహెర్ట్జ్ దగ్గర అదే 13 ఓములు. 0.22 అయితే 6. 0.47 అయితే 3 ఓములు కూడా లేదు. మీ సీఎం11ఏ పంపినదంతా పక్క ప్లగ్గులోనే గుటకాయస్వాహా. మానిటర్లు రెండు, యూపీఎస్ ఒకటి అన్నారు, మూడూ పక్కపక్కనే కలిసి తాగుతున్నాయి.

అదే వస్తువులు ఇంటి ఆ చివర ఉంటే ఇంత నష్టం ఉండదు, మధ్యలో తీగ పొడవు కొంత అడ్డుపడుతుంది. పంపే పెట్టె పక్కన తాగుబోతు ఉండకూడదు, అంతే.

గుర్తుపట్టే పద్ధతి: వస్తువు ఆఫ్‌లో ఉన్నా తగిలించి ఉంటే చాలు సిగ్నల్ పోతోందంటే అది తాగేది. ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే పోతోందంటే అది రొద చేసేది. మందులు కొంతవరకు ఒకటే గాని, పెట్టే చోటు వేరు.

మీ పని: యూపీఎస్, మానిటర్లు, పవర్ స్ట్రిప్ అన్నీ గోడ నుంచి పీకి ఏ2 పదిసార్లు కొట్టండి. తర్వాత ఒక్కొక్కటీ తగిలిస్తూ మళ్లీ లెక్క. ఎక్కడ పడిపోతుందో అక్కడ గోడకూ దానికీ మధ్య ప్లగ్గు ఫిల్టర్ (120 కిలోహెర్ట్జ్‌ను అటూ ఇటూ దాటనివ్వని పెట్టె).

ఫిల్టర్ 5 ఆంపియర్లదా 10దా చూసుకోండి. 5 అంటే 120 వోల్టుల మీద 600 వాట్లు. లేజర్ ప్రింటర్ వేడెక్కే క్షణంలో దాన్ని దాటేస్తుంది, ప్రింటర్‌ను 5 ఆంపియర్ల ఫిల్టర్‌లోకి లాగకండి. అసలు ప్రింటర్‌ను యూపీఎస్ మీద పెట్టడమే తప్పు. సీఎం11ఏను మాత్రం ఫిల్టర్ వెనక్కి గాని, యూపీఎస్‌లోకి గాని, పవర్ స్ట్రిప్‌లోకి గాని పొరపాటున కూడా పెట్టొద్దు. నేరుగా గోడకే.

#7 దీపాలవారు

ఎల్ఈడీ సంగతి నాకు వదిలేయండి.

లాంప్ మాడ్యూల్ పాత ఫిలమెంటు బల్బుకోసం చేసిన డిమ్మర్, పరిమితి 300 వాట్లు. ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బల్బు గుండా సన్నని కరెంటు జారుతుంది. ఫిలమెంటుకు అది లెక్కలోకి రాదు. ఎల్ఈడీ డ్రైవర్‌లోని కెపాసిటర్ మాత్రం ఆ చుక్కలన్నీ పోగుచేసుకుని, నిండగానే ఒక్కసారి మెరుస్తుంది. మీరు చూసే మినుకు అదే.

అప్లయన్స్ మాడ్యూల్‌కి మారిస్తే డిమ్మింగ్ పోతుంది, కాని అదే సరైన మార్గం. అందులోనూ ఒక మెలిక ఉంది. లాంప్ స్విచ్చు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే మాడ్యూల్ వెలగాలని లోపల ఒక సౌకర్యం పెట్టారు. దానికోసం అది సన్నని కరెంటుతో లోడును ఎప్పుడూ తడిమి చూస్తుంటుంది. ఎల్ఈడీ వేస్తే ఆ తడుముడునే "ఎవరో స్విచ్చు నొక్కారు" అనుకుని, ఆఫ్ చేసిన వెంటనే మళ్లీ ఆన్ అయిపోవచ్చు. చవక మందు: అదే ప్లగ్గులో రెండు దారుల అడాప్టర్ పెట్టి, ఎల్ఈడీతో పాటు 4 వాట్ల ఫిలమెంటు నైట్ లాంప్ తగిలించండి. జారే కరెంటుకు అది దారి ఇస్తుంది.

గోడలో రెండు తీగల డిమ్మర్ స్విచ్చులు ఉంటే వాటికి ఎల్ఈడీ అసలు వద్దు. న్యూట్రల్ తీగ తీసుకునే రిలే స్విచ్చు వేయండి. పాత ఇళ్లలో స్విచ్చు పెట్టెలో న్యూట్రల్ ఉండకపోవచ్చు, కొనేముందు పెట్టె తెరిచి చూడండి.

#8 ప్లేనో_పంతులు

లెక్కలు:

అన్నీ పీకేస్తే ఏ2: 10/10.
ఒక మానిటర్: 10/10.
రెండు మానిటర్లు: 9/10.
వాటితో పాటు యూపీఎస్, ఆఫ్‌లో ఉన్నా సరే: 4/10.
మూడింటినీ ఒకే స్ట్రిప్‌లో పెట్టి ముందు 10 ఆంపియర్ల ఫిల్టర్: 10/10.

గరాజ్ మాత్రం డ్రయ్యర్ లేకుండా 2 నుంచి 4కి వచ్చింది. ఇప్పుడు రిపీటరా?

#9 రాగితీగ

కప్లర్ ముందు. రిపీటర్ దానితో కాకపోతే.

కప్లర్ అంటే రెండు లెగ్గులను సిగ్నల్ కోసం కలిపే పెట్టె. దాని మూలుగ ఒక కెపాసిటరే, 0.1 మైక్రోఫారడ్ లెగ్గుకూ లెగ్గుకూ మధ్య. 120 కిలోహెర్ట్జ్‌కు 13 ఓములని పైన లెక్క వచ్చింది కదా, మీ డ్రయ్యర్ హీటరు చేసే పనే ఇది చేస్తుంది, బట్టలు ఆరబెట్టకుండా. 60 హెర్ట్జ్ మీద 240 వోల్టులకు 9 మిల్లీఆంపియర్లు మాత్రమే.

రెండు రకాలు. డ్రయ్యర్ సాకెట్‌కూ డ్రయ్యర్ ప్లగ్గుకూ మధ్య పెట్టేది ఒకటి. ప్యానెల్ తెరవక్కర్లేదు, కాని మీ సాకెట్ మూడు పిన్నులదా నాలుగు పిన్నులదా చూసి కొనాలి. రెండోది ప్యానెల్‌లో కట్టేది: రెండు పోళ్ల 15 ఆంపియర్ల బ్రేకర్, దాని రెండు స్క్రూలకు కప్లర్ రెండు హాట్ తీగలు, న్యూట్రల్ తీగ ఉన్న మోడలైతే అది న్యూట్రల్ బార్‌కు. ఒకే గడిలోని సన్నపు జంట బ్రేకర్ మీద కట్టారంటే రెండు తీగలూ ఒకే లెగ్గు మీదికి పోతాయి, కప్లర్ ఉత్త అలంకారం. కట్టాక రెండు స్క్రూల మధ్య మీటర్ పెడితే 240 రావాలి. సున్నా వస్తే గడి తప్పు.

మెయిన్ బ్రేకర్ ఆపినా మీటర్ నుంచి వచ్చే లావు తీగలు, వాటి బిగింపులు బతికే ఉంటాయి. ప్యానెల్ పని అలవాటు లేకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కెపాసిటర్ కొని సొంతంగా అతికిద్దామన్న ఆలోచన అసలు వద్దు. ఎక్స్ తరగతిది (కరెంటు లైనుకు అడ్డంగా పెట్టడానికే చేసినది) కాని కెపాసిటర్ లైను మీద చెడితే షార్టై మంట పెడుతుంది.

#10 జిగ్బీదాసు

రిపీటర్‌కి అంత భయమెందుకు? బలం పెంచితే అన్నీ పోతాయిగా.

#11 కిలోహెర్ట్జ్

పెంచితే తాగేవాళ్లూ ఎక్కువ తాగుతారు. ఫిల్టర్లు పెట్టకుండా రిపీటర్ కొన్నవాళ్లు ఆరు నెలలకు కొత్త టీవీ తేగానే మళ్లీ ఇక్కడికే వస్తారు.

రిపీటర్‌కు తన సొంత తలనొప్పులు ఉన్నాయి. అది మొదటి కాపీ విని, రెండో కాపీతో కలిసి తానూ పలుకుతుంది. ఇంట్లో రెండు రిపీటర్లు పెట్టారా, ఒకదాని మాట ఇంకోటి విని పలుకుతూ లైను మీద సంత చేసేస్తాయి. ఇంటికి ఒకటే. 3,000 చదరపు అడుగులు దాటిన ఇల్లు, గరాజ్ దగ్గర ఉపప్యానెల్, పొడుగాటి తీగ — ఇలాంటి చోట రిపీటర్ అర్థవంతం. పంతులు గారి ఇల్లు అంచున ఉంది, కప్లర్‌తోనే సరిపోతుందని నా అంచనా.

అన్నట్టు, అదే కరెంటు తీగ మీద 131.65 కిలోహెర్ట్జ్ వాడి, దానికి రేడియోను కూడా జోడించిన ఇన్‌స్టియన్ పరిష్కరించింది ఈ లెగ్గుల చిక్కునే. రేడియో ఒక లెగ్గు నుంచి ఇంకో లెగ్గుకు దూకుతుంది. కాని 2022 ఏప్రిల్‌లో దాని సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగినప్పుడు ఎంతమంది చీకట్లో కూర్చున్నారో తెలుసు కదా. తర్వాత కొత్త యజమానులు వచ్చి మళ్లీ నడిపారు, అది వేరే సంగతి. ఎక్స్10కి సర్వరే లేదు, ఆగడానికి.

#12 గుంటూరు_గ్రిడ్

నమస్తే అండీ. అన్నయ్య న్యూజెర్సీ నుంచి తన పాత ఎక్స్10 పెట్టె మొత్తం పంపిస్తానంటున్నాడు. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చా? మాది త్రీఫేజ్ కనెక్షన్, ఇన్వర్టర్ ఉంది.

#13 కిలోహెర్ట్జ్

తమ్ముడూ, వద్దు. 120 వోల్టుల మాడ్యూల్ మన 230లో పెడితే పొగే. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అది 60, 50 హెర్ట్జ్‌ల కోసం చుట్టినది, 120 కిలోహెర్ట్జ్‌ను దాదాపు దాటనివ్వదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉన్న మాడ్యూళ్లు వాటిలో అవే మాట్లాడుకుంటాయి తప్ప ఇంటికి వినపడవు.

బ్రిటన్ వాడే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ రకం ఉంది. దాని రిమోట్ 433.92 మెగాహెర్ట్జ్, అమెరికాది 310, రెండూ కలవవు. అది దొరికినా మీ ఆర్, వై, బీ ఫేజుల మధ్య మూడు దారుల కప్లర్ కావాలి. ఇన్వర్టర్ మీద ఉన్న లైట్లు వేరే దీవి అవుతాయి. కరెంటు పోయినప్పుడు చతురస్ర తరంగం ఇచ్చే చవక ఇన్వర్టరైతే సున్నా దాటే చోటే గజిబిజి, రొద అదనం.

మన బోర్డుల్లో స్విచ్చులతో పాటు సాకెట్ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ ఆ పెట్టెలోనే దొరుకుతుంది. స్విచ్చు వెనక పట్టే రిలే మాడ్యూల్ వేసుకో. ఈ ఒక్క విషయంలో దాసు గారితో ఏకీభవిస్తున్నాను.

#14 జిగ్బీదాసు

స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

#15 ప్లేనో_పంతులు

కప్లర్ ప్యానెల్‌లో పెట్టించాను, 18, 20 గడుల్లో, రెండు పోళ్ల బ్రేకర్ మీద. స్క్రూల మధ్య 241. డ్రయ్యర్ ఆపి గరాజ్ ఏ5 ఆన్ 10/10. ఆఫ్ 4/10! ఎవరైనా చెప్పగలరా, ఆన్ అయ్యేది ఆఫ్ ఎందుకు కాదు?

వరండా లైటు రోజూ సరిగ్గా 3:10కే వెలుగుతోందని కూడా గమనించాను.

#16 కిలోహెర్ట్జ్

రోజూ ఒకే నిమిషమంటే పొరుగువాడూ కాదు, రొదా కాదు. సీఎం11ఏలో చిన్న జ్ఞాపకం ఉంటుంది, కంప్యూటర్ లేకపోయినా టైమర్లు నడుపుకోవడానికి. ఎవరో ఎప్పుడో ఎక్కించిన టైమరు అందులో మిగిలి ఉంది. హేయులో ఎరేజ్ ఆజ్ఞ ఇచ్చి తుడిచేయండి, తర్వాత మీ షెడ్యూల్ మళ్లీ ఎక్కించండి. కరెంటు పోయి వచ్చాక అది గడియారం అడుగుతూ సెకనుకోసారి పోర్టులో అరుస్తుంది. హేయు నడుస్తుంటే తానే జవాబిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై ఆగిపోయి ఉంటే గడియారం తప్పి టైమర్లన్నీ వేళ తప్పుతాయి.

వేళాపాళా లేకుండా వెలిగి ఉంటే మాత్రం హౌస్ కోడ్ మార్చమనేవాణ్ణి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు మూడు ఇళ్లు ఉంటాయి, ఏ అనేది పెట్టెలోంచి తీసినప్పటి కోడ్, కనుక పక్కింటి రిమోట్ మీ వరండాను కూడా ఏలవచ్చు. ఎలాగైనా కె మీదికో ఎన్ మీదికో మారడం మంచిదే. మాడ్యూళ్ల చక్రాలు, టీఎం751 చక్రం, రిమోట్లు, హేయు సెట్టింగు నాలుగూ మారాలి.

ఇక ఆన్ పది, ఆఫ్ నాలుగు. విడివిడిగా రాయమన్నది దీనికే. లైటు ఆరి ఉన్నప్పుడు లైను నిశ్శబ్దం, ఆన్ వినిపిస్తుంది. వెలిగాక ఆ లైటే అరుస్తుంది. గరాజ్‌లో ఏం లైటు వేశారు?

#17 ప్లేనో_పంతులు

నాలుగు అడుగుల ఎల్ఈడీ షాప్ లైట్లు రెండు, గొలుసుకట్టుగా, ప్లగ్గు నేరుగా ఏ5 మాడ్యూల్‌లోకి.

#18 కిలోహెర్ట్జ్

దొరికింది. ఆ డ్రైవర్ 40 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటే మూడో గుణిజం సరిగ్గా 120 మీద పడుతుంది. 60 అయితే రెండోదే చాలు. బ్యాటరీతో నడిచే ఏఎం రేడియో 530 దగ్గర పెట్టి లైటు పక్కకు తీసుకెళ్లండి, బుస్సుమంటే మంచి అనుమానితుడే.

ఇక్కడ ఫిల్టర్ పెట్టే వరస ముఖ్యం: గోడ, తర్వాత మాడ్యూల్, తర్వాత ఫిల్టర్, ఆఖరున లైటు. తిరగేసి గోడకు ఫిల్టర్ పెట్టి దాని వెనక మాడ్యూల్ పెడితే అది రొదతో పాటు సిగ్నల్‌నూ ఆపుతుంది, ఆన్ కూడా పోతుంది. రిలే మాడ్యూల్ కాబట్టే ఈ వరస కుదురుతుంది. డిమ్మర్ వెనక ఫిల్టర్ పెట్టకూడదు.

#19 దీపాలవారు

ఫిల్టర్ ఖర్చు దేనికి, ఒక్కో లైటే తగిలించి చూడండి ముందు. రెండింట్లో ఒకటే పాపి కావచ్చు. అది తిరిగి ఇచ్చేయడమే.

#20 ప్లేనో_పంతులు

మొదటి లైటు ఒక్కటే: ఆఫ్ 10/10. రెండోది ఒక్కటే: 5/10. చూడ్డానికి ఒకే పెట్టెలోంచి వచ్చిన కవలలు. రెండోదానికి మాడ్యూల్ తర్వాత మిగిలిన 5 ఆంపియర్ల ఫిల్టర్ తగిలించాను, రెండూ కలిపి ఆఫ్ 10/10. 3:10 టైమరు తుడిచాను. హౌస్ కోడ్ కె.

#21 రాగితీగ

చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఏసీ నడుస్తున్నప్పుడు ఇంకోసారి అదే పది పది లెక్క తీయండి. పరీక్షకు వాడే అప్లయన్స్ మాడ్యూల్‌ను ఏ16 నుంచి కె16కి మార్చడం మరిచిపోకండి.